చెదరిన గ్రంథభాండారములు, వానిని కూర్చు స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు: కామాఠిపురాంధ్రుల చరిత్రసామగ్రిని గూర్చిన పరిశీలనము

బొంబాయి కామాఠిపురము నానుకొని పోవు వీథికి ఫోరస్ రోడ్డని పేరు. ఈ 'ఫోరస్' తెలుగు మాట కాదు, మరాఠీ కాదు, ఇంగ్లీషును కాదు. పోర్చుగీసు భాషలో 'ఫోరో' యనగా నేలపై చెల్లింపవలసిన శిస్తు. సముద్రపు పోటునకు మునుగుచుండిన పల్లపు నేలలను మెరకచేసి సాగునకు తెచ్చుకొనువారికి స్వల్పమైన శిస్తుపై ఇచ్చిన భూములు ఫోరస్ భూములు. వానిమీదుగా వేసిన బాటలు ఫోరస్ రోడ్లు. ఆ భూములపై ఎవరి హక్కు ఎంతయో తేల్చుటకు 1851లో ప్రత్యేకముగా ఒక చట్టమే చేయవలసి వచ్చినది. తరువాతి కాలమున ఈ వీథి ఆర్. ఎస్. నిమ్కర్ మార్గమైనది. ఇరుగుపొరుగున ఫాక్లండ్ రోడ్డు పఠ్ఠే బాపూరావు మార్గమైనది. బెల్లాసిస్ రోడ్డు జహంగీర్ బొమన్ బెహరామ్ మార్గమైనది. 1995లో నగరమే ముంబై యైనది. కామాఠిపురపు తెలుగు చాళ్ళలో మాత్రము పాత పేర్లే వాడుకలో నున్నవి.

ఈ పేర్ల మార్పు చరిత్రకారునకు చిన్న విషయముగా తోచవచ్చును. గ్రంథాలయ యంత్రమునకు అది చిన్న విషయము కాదు. కంప్యూటరుకు ఫోరస్ రోడ్డు వేరు, నిమ్కర్ మార్గము వేరు. రెండును ఒకే వీథియని ఎవరైనను చెప్పి యుంచిననే దానికి తెలియును. ఒక పేరుతో వెదకినవానికి రెండవ పేరుతో నమోదైన కాగితము కనబడదు. కనబడనిది లేనట్లే లెక్క. వేర్వేరు భాండారములలో నున్న గ్రంథములను ఒక్కచోట వెదకుటకు వీలు కల్పించు ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేరులు నేడు పెక్కు కలవు. అవి ఎట్లు పనిచేయునో, కామాఠిపురాంధ్రుల చరిత్రకు అవి ఎంతవరకు అక్కరకు వచ్చునో, ఎచ్చట నిలిచిపోవునో విచారించుట ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

మొదట ఆ చరిత్ర ఎచ్చటెచ్చట నున్నదో చూడవలెను. కామాటి యనగా కాయకష్టము చేయు కూలివాడు. 18వ శతాబ్ది చివరి పాదమున హార్న్‌బీ దొర కాలమున వర్లీ గండికి అడ్డకట్ట పడి, దీవుల నడుమనున్న పల్లపు నేలలు క్రమముగా గట్టిపడగా, కట్టడముల పనికై నైజాము రాజ్యమునుండి వచ్చిన తెలుగు కూలీలు ఈ ప్రాంతమున గుడిసెలు వేసికొనిరి. వారి పేరనే పేట వెలసినది. నగరములోని కట్టడములకు, రోడ్లకు చెమటోడ్చినవారు వీరు. వీరిలోనుండియే 19వ శతాబ్దిలో పెద్ద కాంట్రాక్టరులు పుట్టిరి. జాయా కారాడీ లింగు, వ్యంకూ బాళోజీ కాలేవార్ వంటివారు మహాత్మా జోతీరావు ఫులే 1873లో స్థాపించిన సత్యశోధక సమాజమునకు బొంబాయిలో అండగా నిలిచిరి. ఆ తరువాత బట్టల మిల్లులకు కరీంనగరము, నల్లగొండ మొదలగు జిల్లాల పద్మశాలీలు వచ్చిరి. 1982లో ఆరంభమైన మిల్లుల సమ్మెతో ఆ బ్రతుకుతెరువు చాలవరకు తెగిపోయినది.

ఇంతటి చరిత్రకు ఆధారములు ఒక్కచోట లేవు. ఇంగ్లీషు ప్రభుత్వపు దస్తరములు మహారాష్ట్ర రాజ్య పురాలేఖాగారమున నున్నవి. 1909, 1910 సంవత్సరములలో మూడు సంపుటములుగా వెలువడిన బొంబాయి నగర గెజెటీరులో కామాఠీల ప్రస్తావన కలదు. 1804లో స్థాపితమైన ఏషియాటిక్ సొసైటీ తన పాత గ్రంథములను 'గ్రంథ సంజీవని' యను పేర డిజిటలు రూపమున పెట్టినది. సత్యశోధకుల సంగతులు మరాఠీ గ్రంథములలో, మరాఠీ పత్రికలలో నున్నవి. మిల్లు కార్మికుల చరిత్రను పరిశోధించువాడు నోయిడాలోని వి. వి. గిరి జాతీయ కార్మిక సంస్థవారి భారత కార్మిక పురాలేఖాగారమును చూడకతప్పదు. అచ్చుపడిన తెలుగు పుస్తకములు ఇంటర్నెట్ ఆర్కైవులోను, తెలుగు వికీసోర్సులోను, ఆంధ్ర, తెలంగాణ గ్రంథాలయములలోను కలవు. ఇక కడపటి భాండారము చాళ్ళలోని ఇనుపపెట్టె. సమాజముల జమాఖర్చు పుస్తకములు, నాటకముల కరపత్రములు, పెండ్లి శుభలేఖలు, మునిసిపల్ తెలుగు బడి ఫోటోలు, వార్షికోత్సవ సంచికలు అందున్నవి. దీనికి కేటలాగు లేదు.

మరియొక చిక్కు కలదు. కామాఠిపురమను పేరుతో వెదకినవారికి నేడు ఎదురగునది ప్రధానముగా ఒకే విషయము: వేశ్యావాటిక. అదియు ఆ పేట చరిత్రలోని భాగమే. అచ్చటి స్త్రీల కష్టమును మరుగుపరచుట న్యాయము కాదు. కాని రాళ్ళు మోసినవారు, గోడలు కట్టినవారు, మగ్గములు నడపినవారు, బడులు పెట్టినవారు అదే పేరుక్రింద ఒక్క పుటయైనను దొరకకుండుట వింత. దీనికి కారణము ద్వేషము కాదు. వారిని గూర్చిన కాగితములపై 'కామాఠిపురము' అను విషయశీర్షిక ఎవ్వరును వ్రాయకపోవుటయే.

ఇప్పుడు యంత్రము సంగతి. డిజిటలు భాండారమునందు ప్రతి వస్తువునకు రెండు భాగములుండును. ఒకటి వస్తువు, అనగా స్కాను చేసిన పుటలు, ఫోటో, ధ్వని. రెండవది దాని వివరణపత్రము, అనగా పేరు, కర్త, సంవత్సరము, భాష, విషయము మొదలగునవి. పాత గ్రంథాలయములో అట్టపెట్టెలలో నుండు కేటలాగు కార్డు వంటిదే యిది. భాండారములను కలుపుటకు రెండు మార్గములు తోచును. వెదకువాడు ప్రశ్న వేసినప్పుడెల్ల అన్ని భాండారములకు ఆ ప్రశ్నను పంపి జవాబులు కూర్చుట మొదటిది. ఇందు ఒక్క భాండారము ఆలసించినను అందరును వేచియుండవలెను. ఒకటి నిద్రించుచున్నచో దాని జవాబు రానేరాదు. వివరణపత్రములను మాత్రము ముందుగా తెచ్చి ఒక్కచోట పేర్చి, వెదకుట అచ్చటనే జరుపుట రెండవది. దీనినే కోతపని, హార్వెస్టింగు అందురు. అనుభవమున రెండవదియే నిలిచినది.

బొంబాయివారికి డబ్బావాలాల పద్ధతి తెలిసినదే. వేల యిండ్ల డబ్బాలు చేతులు మారుచున్నను ఏ డబ్బావాలాయును మూత తీసి చూడడు. మూతపైనున్న గుర్తును మాత్రమే చదువును. హార్వెస్టింగునందును మూతమీది గుర్తే ముఖ్యము. భేదమేమనగా, ఇచ్చట డబ్బా ఇల్లు కదలదు. గుర్తుయొక్క నకలు మాత్రమే ప్రయాణము చేయును. కావలసినవాడు గుర్తును చూచి ఆ ఇంటికే పోయి తలుపు తట్టవలెను. కనుక పుస్తకముపై అధికారము దానిని కాపాడు సంస్థదే. వస్తువును పోగొట్టుకొందుమేమో యని జంకు చిన్న సమాజములు ఈ సంగతిని గ్రహింపవలసియున్నది.

ఈ ప్రయాణమునకు ఒక ఒడంబడిక కావలెను. 1999 అక్టోబరులో అమెరికాలోని శాంటా ఫే నగరమున సమావేశమైన కొందరు శాస్త్రజ్ఞులు, గ్రంథాలయాధికారులు దీనికి పునాది వేసిరి. 2001లో తొలి రూపము, 2002లో నేటికిని వాడుకలోనున్న రెండవ రూపము వెలువడినవి. దీని పొట్టి పేరు ఓ.ఏ.ఐ.-పి.ఎం.హెచ్. పేరు భయపెట్టునదైనను లోపలి విషయము తేలిక. సేకరించు యంత్రము భాండారమును ఆరు ప్రశ్నలే అడుగగలదు. నీవెవరవు? వివరణపత్రములను ఏయే రూపములలో నీయగలవు? నీలో ఏయే విభాగములున్నవి? వస్తువుల గుర్తుసంఖ్యల జాబితా యేది? పత్రములన్నియు నిమ్ము. ఈ గుర్తుసంఖ్యగల పత్రమొక్కటి నిమ్ము. ఇంతే. ప్రతి పత్రముమీదను అది చేరిన తేదీయో మారిన తేదీయో ఉండును. కావున రెండవమారు వచ్చునప్పుడు యంత్రము 'పోయినసారి వచ్చిన తేదీ తరువాత మారినవి మాత్రమిమ్ము' అని అడుగును. లక్ష పత్రములున్న చోటను ఏడెనిమిది క్రొత్తవే చేతికి వచ్చును. ఖర్చు తక్కువ, కాలము తక్కువ.

ప్రతి భాండారమును తప్పనిసరిగా ఈయవలసిన వివరణ రూపమొకటి కలదు. దానికి డబ్లిన్ కోర్ అని పేరు. ఇది ఐర్లండులోని డబ్లిన్ కాదు. అమెరికాలో ఒహైయో రాష్ట్రమునందలి డబ్లిన్ అను ఊరు, 1995లో అచ్చట జరిగిన సభలో దీనికి బీజము పడినది. ఇందు 15 గడులున్నవి. శీర్షిక, కర్త, విషయము, వర్ణన, ప్రకాశకులు, తేదీ, భాష, హక్కులు మొదలైనవి అందరికిని తెలిసినవే. స్థలకాలవ్యాప్తిని తెలుపు గడియొకటి కలదు. దీనిని పెక్కుమంది ఖాళీగా వదలుదురు. కామాఠిపురమునకు ప్రాణము ఆ గడియందే యున్నది. పుస్తకము పేరులో కామాఠిపురమని లేకపోవచ్చును, కర్త హైదరాబాదువాడు కావచ్చును. ఆ గడిలో 'బొంబాయి, కామాఠిపురము' అని వ్రాసిననే అది ఈ పేట చరిత్రలోనికి వచ్చును.

ఇక సాఫ్ట్‌వేరులు. భాండారమును నెలకొల్పుటకు పనికివచ్చునవి కొన్ని, పలు భాండారములనుండి కోతకోయునవి కొన్ని, రెండును చేయునవి కొన్ని. ఇంగ్లండులోని సౌతాంప్టన్ విశ్వవిద్యాలయమునుండి 2000లో ఈప్రింట్స్ వచ్చెను. అమెరికాలోని ఎం.ఐ.టి., హ్యూలెట్-ప్యాకర్డ్ కంపెనీ కలసి 2002లో డీస్పేస్‌ను విడుదల చేసిరి. మన దేశమున విశ్వవిద్యాలయముల సిద్ధాంతవ్యాసములను కూర్చిన శోధగంగ ఈ డీస్పేసుమీదనే నడచుచున్నది. తెలుగు సాహిత్యముపై డాక్టరేటు వ్యాసములు వెదకువారు దానిని ఎరిగినవారే. పబ్లిక్ నాలెడ్జ్ ప్రాజెక్టువారి హార్వెస్టరు ఒకప్పుడు భారతదేశమున బాగుగా వాడబడినది గాని దాని అభివృద్ధి నిలిచిపోయినది. అమెరికాలోని విల్లనోవా విశ్వవిద్యాలయమున పుట్టిన వూఫైండ్ కోతకోసి తెచ్చినవానిని చక్కగా వెదకనిచ్చును.

చిన్న సమాజమునకు అన్నిటికంటె తగినది గ్రీన్‌స్టోన్. ఇది న్యూజిలాండులోని వైకాటో విశ్వవిద్యాలయమున పుట్టినది. 2000 నుండి యునెస్కో సహకారముతో పెంపొందినది. గ్రీన్‌స్టోన్ అనగా ఆ దేశపు మావోరీ జాతివారు పవిత్రముగా నెంచు పచ్చరాయి. ఒక చిన్న భాషాసమాజముయొక్క గౌరవచిహ్నమును దీనికి పేరుగా పెట్టుట సముచితముగా నున్నది. ఇది సామాన్యమైన కంప్యూటరుమీద పనిచేయును. ఇంటర్నెట్ లేనిచోట సి.డి.లో పెట్టి పంచుటకు వీలుండునట్లు మొదటినుండియు దీనిని కూర్చిరి. పుటలు, ఫోటోలు, ధ్వనులు దేనినైనను దీనికీయవచ్చును. ఒక్కొక్క రకమునకు ఒక్కొక్క చేర్పు ఉండి దానిని చదువును. ఇతర భాండారములనుండి పైన చెప్పిన ఒడంబడిక ప్రకారము పత్రములను తెచ్చుకొనును. తన పత్రములను ఇతరులకును ఈయగలదు. పైన పేర్కొన్న భారత కార్మిక పురాలేఖాగారము ఈ గ్రీన్‌స్టోనుతోనే రూపొందినది. కనుక మిల్లు కార్మికుల చరిత్రకు, చాళ్ళలోని కాగితములకు ఒకే ఉపకరణము సరిపోవుననుటకు వేరొక నిదర్శనము అక్కరలేదు.

ఓపెన్ సోర్స్ అనగా ఉచితమని మాత్రమే కొందరు తలచుచున్నారు. వెల లేకుండుట అందలి ఒక ప్రయోజనము, ముఖ్యమైనది కాదు. సాఫ్ట్‌వేరు వ్రాతప్రతియే అందరి చేతికి వచ్చును గనుక దానిని చదువవచ్చును, దిద్దవచ్చును, దిద్దినదానిని పంచవచ్చును. చేసిన సంస్థ మూతపడినను పనిముట్టు నశింపదు. తెలుగు అకారాది క్రమము తప్పుగా వచ్చినచో విదేశ కంపెనీకి అర్జీ పెట్టుకొని కూర్చుండనక్కరలేదు. తెలిసిన కుఱ్ఱవాడొకడు దానిని సరిచేయగలడు.

అయినను పనిముట్టు స్వేచ్ఛగా నుండుట వేరు, పుస్తకములు నిలిచియుండుట వేరు. దీనికి తార్కాణము డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా. చిత్తూరు జిల్లా కాటూరున జన్మించిన ఆచార్య రాజ్ రెడ్డి సంకల్పించిన పదిలక్షల పుస్తకముల పథకములో భాగముగా బెంగుళూరు భారతీయ విజ్ఞాన సంస్థ, హైదరాబాదు ట్రిపుల్ ఐ.టి. మొదలైనవి వేలకొలది తెలుగు పుస్తకములను స్కాను చేసినవి. 2017 ప్రాంతమున ఆ ద్వారము మూతపడినది. అంతకుముందే కొందరు ఉత్సాహవంతులు ప్రతులు తీసి ఇంటర్నెట్ ఆర్కైవులో పెట్టియుండుటచేత పెక్కు పుస్తకములు బ్రతికినవి. ఒక్కచోటనే యుంచిన వస్తువు ఎంత పెద్ద సంస్థ చేతిలో నున్నను భద్రము కాదనుట దీనివలన స్పష్టమగుచున్నది. ఆ తరువాత ఖరగ్‌పూర్ ఐ.ఐ.టి. నిర్వహణమున 2018లో జాతికి అంకితమైన నేషనల్ డిజిటల్ లైబ్రరీ దేశములోని పలు సంస్థల వివరణపత్రములను సేకరించుచున్నది.

పుస్తకములు బ్రతికినవి సరే, దొరకుచున్నవా? ఇచ్చటనే అసలు బాధ. ఆ పుస్తకములను నమోదు చేసినప్పుడు తెలుగు పేర్లను రోమను లిపిలో వ్రాసిరి. దీర్ఘమునకు ఒకడు రెండు అక్షరములు వ్రాసెను, ఒకడు ఒకటే వ్రాసెను. 'మహాభారతము' కడపటి మువర్ణకమును ఒకడుంచెను, మరియొకడు సున్నగా మార్చెను. ఒత్తక్షరము కొందరికి కనబడలేదు. ఫలితముగా ఒకే గ్రంథము పలు పేర్లతో నిలిచియున్నది. ఏ పేరుతో వెదకినను కొన్ని తప్పిపోవును. సేకరణ యంత్రము ఎంత చురుకైనదైనను దీనిని దిద్దజాలదు. తప్పు పత్రములను వేయిచోట్లనుండి తెచ్చినచో వేయి తప్పులు ఒక్కచోట చేరును.

కావున తెలుగు శీర్షిక తెలుగు లిపిలోనే, యూనికోడులోనే యుండవలెను. యూనికోడులో తెలుగుకు 1991లోనే స్థానము లభించినది. కాని అచ్చుకూటములు చాలకాలము అను ఫాంట్ల వంటి పాత ఫాంట్లలోనే కూర్చుచు వచ్చినవి. అందు తెరమీద తెలుగు కనబడునే గాని లోపలనుండునది రోమను సంకేతముల కలగాపులగము. ముంబై తెలుగు సంఘముల వార్షిక సంచికలలో ఆ ఫాంట్లతో కూర్చినవానిని పి.డి.ఎఫ్.గా భద్రపరచినను లోపలి మాటలు వెదకులాటకు దొరకవు. వానిని యూనికోడుకు మార్చు సాధనములు కలవు. మార్చిన పిదప ఒకసారి కంటితో చదువవలెను. సీసపు అక్షరములతో అచ్చైన పాత సంచికలకు టెసరాక్ట్ అను ఓపెన్ సోర్స్ అక్షరగ్రాహి తెలుగును చదువగలదు. అరిగిన అచ్చుమీద తడబడును. యూనికోడులోనైనను కంటికి కనబడని విభజన సంకేతములు కొన్ని మాటల నడుమ చేరి, చూచుటకు ఒకటిగానున్న రెండు మాటలను యంత్రము దృష్టిలో వేరుచేయును.

లిపి కుదిరిన పిదప పేర్లు. కామాటి, కామాఠి, కమాటి యని వ్రాతలు పలువిధములు. తెలుగు వెంకయ్య మరాఠీలో వ్యంకయ్యా యగును. ఇంటిపేరునకు 'వారు' చేరి 'వార్' గా నిలిచిపోవును. మూడు తరముల తరువాత ఆ కుటుంబమువారే అది తెలుగు మాట యని మరతురు. మరాఠీ పత్రికలోని వ్యంకూ, ఇంగ్లీషు దస్తరములోని అదే పురుషుడు, తెలుగు సమాజపు పుస్తకములోని వెంకు ఒక్కడే యని చెప్పగలవారు ఖరగ్‌పూరులో లేరు, వైకాటోలోను లేరు. ఆ జ్ఞానము ఆ చాళ్ళ వృద్ధులయొద్ద మాత్రమున్నది. దీనికి గ్రంథాలయ శాస్త్రమున ప్రామాణిక నామపట్టిక యను సాధనము కలదు. ఒక్క వ్యక్తికి, ఒక్క వీథికి, ఒక్క సంస్థకు ఒక ముఖ్యనామము నిర్ణయించి, దానిక్రింద తక్కిన రూపములన్నిటిని వ్రాయుట. ఫోరస్ రోడ్డు క్రింద నిమ్కర్ మార్గము. బొంబాయి క్రింద ముంబై. రెండుమూడు వందల పేర్లతో ఇట్టి పట్టిక తయారైనచో తెచ్చిన పత్రములను యంత్రము దానితో సరిచూచి కలుపగలదు. కామాఠిపుర చరిత్రకు సాఫ్ట్‌వేరుకంటె ముందు కావలసినది ఈ పట్టిక.

మునిసిపల్ తెలుగు బడులలో పిల్లల సంఖ్య తగ్గుచున్నది. తెలుగు మాటలాడు ఇంట తెలుగు చదువలేని తరము వచ్చినది. కామాఠిపురమున పాత భవనములను తీసివేసి పేట నంతయు పునర్నిర్మించు పథకము మ్హాడా చేతిలో నున్నది. తెలుగు కుటుంబములు పెక్కుగా నివసించిన వర్లీ బి.డి.డి. చాళ్ళలో ఆ పని ఆరంభమైనది. ఇల్లు మారునప్పుడు మొదట పారవేయబడునవి చదువ వీలుకాని కాగితములు.

హక్కుల భయముచేత కొందరు వెనుదీయుదురు. 1957 నాటి కాపీరైటు చట్టము ప్రకారము రచయిత మరణించిన పిదప 60 సంవత్సరముల వరకు హక్కు వారసులది. సంచికలోని ప్రతి వ్యాసమునకును వేర్వేరుగా ఈ లెక్క చూడవలెను. కాని వస్తువును ప్రకటించుటకే అనుమతి కావలెను గాని, అట్టి వస్తువున్నదని పత్రము వ్రాయుటకు అక్కరలేదు. కనుక స్కానింగుకు ముందే పత్రములు వ్రాయ మొదలిడవచ్చును.

ఒక నాటకపు కరపత్రమును తీసికొందము. శీర్షిక గడిలో పైన అచ్చైన వాక్యమును ఉన్నదున్నట్లు తెలుగు లిపిలో వ్రాయవలెను. కర్త గడిలో నాటకకర్త. ప్రకాశకుల గడిలో ప్రదర్శించిన సమాజము. తేదీ గడిలో తిథి మాత్రమే యున్నచో దానిని వర్ణనలో నుంచి, ఇంగ్లీషు తేదీ లెక్కించి తేదీ గడిలో వేయవలెను. భాష గడిలో తెలుగునకు నిర్ణీత సంకేతము. స్థలము గడిలో కామాఠిపురము, ఎన్నవ గల్లీయో ఆ సంఖ్య. విషయము గడిలో 'తెలుగు నాటకము', 'బొంబాయి ఆంధ్రులు' అని రెండు శీర్షికలు. పాత్రధారుల పేర్లు వర్ణనలో. జీవించియున్నవారి యింటి చిరునామా వ్రాయరాదు. కాగితము ఏ సంఘమువారి ద్వారా లభించునో అది వ్రాసిన చాలును. చిట్టచివర గుర్తుసంఖ్య. కాగితము గల కుటుంబము కామాఠిపురము వదలి భివండికో నవీ ముంబైకో పోయినను గుర్తుసంఖ్యను మార్చరాదు. లభించు చోటును మాత్రము సవరించి, సవరించిన తేదీ వేయవలెను. మరునాడు వచ్చు సేకరణ యంత్రము ఆ తేదీని చూచి క్రొత్త వివరమును తీసికొనిపోవును.